హ్యాండ్‌మేడ్‌లో రెడీమేడ్ కూడా ఉంది

మీ వాట్సాప్ గ్రూపుకీ ఈ మెసేజ్ ఈపాటికి వచ్చే ఉంటుంది. మా అపార్ట్‌మెంటుకి డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున్నే, నేనింకా ఇడ్లీ పిండిలో ఉప్పు వేయకముందే వచ్చింది. ఈ ఏడు సీక్రెట్ శాంటాకి కొన్న వస్తువులు తేకూడదట. ఎవరి కానుక వాళ్లే చేత్తో చేసి తేవాలట. ఖర్చు 200 దాటకూడదట. చివర్లో ఒక క్రిస్మస్ చెట్టు, ఒక గాలిపటం, రెండు దండాలు. సంక్రాంతిని కూడా ఆ 200లోనే సర్దేసినట్టున్నారు. పది నిమిషాల్లో పదహారు మంది 'సూపర్ ఐడియా' అన్నారు. పదిహేడో సూపర్ మా కోడలిది, నా పక్క గదిలోంచే.

కాదంటే పండగ చెడగొట్టే ముసలమ్మనవుతాను కనక నేనూ ఒక బొటనవేలు పెట్టాను. ఇప్పుడు నా అసలు బొటనవేలికి గ్లూ గన్ కాలి బొబ్బ లేచింది.

పాతికేళ్ల కిందట సికింద్రాబాదులో ఈ ఆటకి ఇంత ఆర్భాటం లేదు. 'క్రిస్మస్ ఫ్రెండ్' అనేవాళ్లం. నర్సింగ్ హాస్టళ్లలో, చర్చి యూత్‌లో, మిషన్ స్కూళ్ల స్టాఫ్ రూముల్లో చీటీలు వేసేవాళ్లు. ఎవరి పేరొస్తే వాళ్లకి డిసెంబరంతా దొంగచాటుగా చిన్నా చితకా అందిస్తూ ఉండాలి. ఒక జామకాయ, ఒక రీఫిల్, రెండు జడ రిబ్బన్లు, పక్కన ఒక మంచి మాట రాసిన కాగితం. ఎవరికి ఎవరు ఫ్రెండో ఆఖరి రోజున బయటపడేది. కొన్నావా, చేశావా అని ఎవరూ విచారణ పెట్టలేదు. జామకాయని ఎవరు చేస్తారు?

ఇప్పుడు విచారణ ఉంది. చేస్తున్నప్పుడు వీడియో తీసి పెడితే ఇంకా బాగుంటుందని సెక్రటరీ గారి రెండో మెసేజ్. మూడోది సిద్ధాంతం. డబ్బిచ్చి కొన్నదాంట్లో ప్రేమ ఉండదట. అసలైన క్రిస్మస్ స్ఫూర్తి చేత్తో చేసిన కానుకలోనే ఉందట.

ఇది చదివి నాకు నిజంగానే అనుమానం వచ్చింది. నేను చర్చికి వెళ్లేదాన్ని కాను గానీ మిషన్ స్కూల్లో పనిచేసినదాన్ని. 28 క్రిస్మస్ నాటకాలకి జ్ఞానుల అంగీలు కుట్టాను. (జ్ఞానులు ముగ్గురని బైబిల్లో లేదు. మా నాటకంలో ముగ్గురే, అంగీలు మూడే ఉన్నాయి కనక.) వాళ్లు తెచ్చింది బంగారం, సాంబ్రాణి, బోళం. మూడూ అంగట్లో సరుకే. దారి పొడుగునా ఒంటె మీద కూచుని ఎవరూ ఏదీ అల్లలేదు, అతికించలేదు. మరియమ్మ వాటిని అందుకుని "ఇవి మీరే చేశారా?" అని అడిగినట్టు ఏ సువార్తలోనూ లేదు. ఆ మొత్తం కథలో చేతిపని వచ్చిన మనిషి యోసేపు ఒక్కడే, వడ్రంగి. ఆయన దాన్ని కూలికి చేసేవాడు.

చేతిలో డబ్బుల్లేకుండా కానుక అనగానే అందరూ ఇంగ్లీషు పాఠంలో చదివిన ఓ. హెన్రీ కథ ఎత్తుతారు. 1905 నాటి 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై'. డెల్లా దగ్గరున్నది ఒక డాలరు 87 సెంట్లు. ఏం చేసింది ఆ పిల్ల? ఖాళీ సీసాకి రంగేసిందా? జుట్టు అమ్మి 20 డాలర్లు తెచ్చుకుంది. 21 డాలర్లు పెట్టి మొగుడి గడియారానికి గొలుసు కొంది, దుకాణంలో. ఆ మొగుడు గడియారం అమ్మి ఆమె జుట్టుకి దువ్వెనలు కొన్నాడు, దుకాణంలోనే. నూట ఇరవై ఏళ్లుగా లోకం కళ్లు తుడుచుకుంటున్నది రెండు కొన్న వస్తువుల మీద.

నాకు చేతిపనంటే కోపమనుకునేరు. 28 ఏళ్లు అదే నాకు అన్నం పెట్టింది. నేను క్రాఫ్ట్ టీచర్ని. గాంధీగారు 1937లో వార్ధాలో కూర్చుని చేతిపనితోనే చదువు మొదలవ్వాలన్నారు. నలభై ఏళ్ల తర్వాత, 1977లో, ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి ఎస్.యు.పి.డబ్ల్యు. అని ఇంత పొడుగు పేరు పెట్టింది. పూర్తిగా చెబితే సోషల్లీ యూజ్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్. పిల్లలు దాన్ని 'సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్' చేసుకున్నారు. పిల్లల్ని ఏమనగలం, పెద్దలే అలా చూశారు. జనవరి వచ్చిందంటే నా పీరియడు లెక్కల సారుకి పోయేది. నేను స్టాఫ్ రూములో కూచుని చాక్‌పీసులు లెక్కపెట్టుకునేదాన్ని. ఒక తండ్రి స్కూటరు దిగీ దిగకుండా "మా వాడికి బొత్తాం కుట్టడం నేర్పుతున్నారట, ఎందుకండీ?" అని హెడ్‌మిస్ట్రెస్ ముందు నన్ను నిలదీశాడు. ఆ వాడు ఇప్పుడు ఏదో ఒక అపార్ట్‌మెంటుకి సెక్రటరీ అయ్యే ఉంటాడు, వయసు సరిపోతుంది. ఊడిన బొత్తాం కుట్టుకోవడం రాని ఊరు ఇవాళ నాకు చేతిపని మహిమ బోధిస్తోంది.

సరే, ఈ చేతిపనులేమిటో చూద్దామని కూర్చున్నాను. దుకాణంలో కొవ్వొత్తులు కొని, కరిగించి, టీ కప్పులో పోసి మళ్లీ కొవ్వొత్తి చేయడం. సబ్బు కొని, కరిగించి, గులాబీ అచ్చులో పోసి మళ్లీ సబ్బు చేయడం. రంగు కాగితాన్ని పోగులుగా కోసి, పోగుల్ని చుట్టి, చుట్టలు అతికించి, వానాకాలం దాకా దుమ్ము పట్టేలా ఒక పువ్వు. 'ఒకసారి కాళ్లు పడతాను', 'ఒకసారి వంట చేస్తాను' అని రాసిన కూపన్ల పుస్తకం, పెళ్లానికి మొగుడు ఇవ్వవలసినది. ఆ కూపన్లకి గడువు తేదీ కూడా వేస్తున్నారు.

వీటన్నిటికీ రారాజు సీసా.

"సీసా చేద్దాం అత్తమ్మా, చాలా క్యూట్‌గా ఉంటుంది" అంది మా కోడలు. ఖాళీ మందు సీసా తీసుకుని, రంగు వేసి, మెడకి పురికొస చుట్టి, లోపల మిణుకుమిణుకు లైట్ల తీగ దింపాలి. ఇంట్లో వృథాగా పడి ఉన్న సీసాయే కాబట్టి పైసా ఖర్చు లేదట.

ఇక్కడే మొదటి చిక్కు. మా ఇంట్లో మందు సీసా వృథాగా పడి ఉండాలంటే ముందు ఎవరో ఒకరు తాగి ఉండాలి. మా ఆయన బతికున్నన్నాళ్లూ సోడా దాటలేదు. మా అబ్బాయి తాగితే తాగుతాడేమో గానీ సీసా ఇంటికి తెచ్చే ధైర్యం లేదు. పాత సామాన్ల బండివాణ్ణి అడిగాను. రూపాయికీ రెండు రూపాయలకీ మన దగ్గర తీసుకునే సీసాకి వాడు నన్ను ముప్పై అడిగాడు. "డిసెంబర్ల డిమాండ్ ఉంటదమ్మా" అన్నాడు. చెత్తకి కూడా సీజను వచ్చిందన్నమాట.

చివరికి రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ సుబేదారు గారే గతి అయ్యారు. కంటోన్మెంటు పక్కన కాపురం ఉన్నందుకు ఆ మాత్రం లాభం ఉంటుంది. ఆయనకి మిలిటరీ క్యాంటీన్ కోటా ఉంది. మొహమాటపడుతూ అడిగాను. ఆయన ఒక నిమిషం నన్నే చూసి, "నిండుది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారమ్మా. ఖాళీది అడిగేవాళ్లు ఈ నెలలోనే మొదలయ్యారు" అన్నారు. పగలు బాగుండదని రాత్రి తొమ్మిదిన్నరకి న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి, గుమ్మం దగ్గరే మూత తీసి తలకిందులు చేసి చూపించారు, ఖాళీయే అని. ఎదురింటావిడ అప్పుడే చెత్త బుట్ట పెట్టడానికి తలుపు తీసింది. ఆవిడ నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇక లేబులు ఊడదీయాలి. మందు కంపెనీ వాడి జిగురు ఎంత గట్టిదో మీకు తెలియదు. వాడికి కానుకలిచ్చే ఉద్దేశం ఉండదు. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పై కాగితం వచ్చింది, కింద జిగురు పొర అలాగే ఉంది. వంటసోడా రుద్దాను. కొబ్బరినూనె రాశాను. కత్తితో గీరాను. పొద్దున ఆరున్నరకి మా పనామె వచ్చేసరికి సింకులో సీసా, పక్కన కత్తి, నేను. ఆమె చీపురు కింద పెట్టేసి, చాలా మెల్లిగా, "నువ్వు గూడ షురూ చేసినవా అమ్మా?" అంది. విషయం చెప్పాను. నమ్మినట్టు లేదు. కానీ మిగిలిన జిగురంతా పావుగంటలో పీచుతో, బూడిదతో తోమి అద్దంలా చేసి ఇచ్చింది. ఆ పావుగంట ఎవరి ప్రేమ కింద రాయాలో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఆ మధ్యాహ్నం జనరల్ బజారుకి వెళ్లాం. నాకు ఆ సందులు కొత్తవి కావు. నా ఉద్యోగమంతా ఆ లేసుల దుకాణాల అరుగుల మీదే గడిచింది. నలభై మంది పిల్లలకి నలభై ఎంబ్రాయిడరీ చట్రాలు, తూకానికి పూసలు, గ్రోసుల లెక్కన బొత్తాలు, స్కూలు ఇచ్చే డబ్బు చాలక సేటుతో గంటసేపు బేరం. ఇప్పుడు అదే దుకాణాల్లో ముందు వరసంతా సీసాల సరంజామా. మా కోడలు ఎంచుతూ పోయింది, నేను పాత అలవాటు కొద్దీ రసీదు వెనక రాస్తూ పోయాను. రంగుల సెట్టు 160. అడుగుపూత 90, అది లేకపోతే రంగు గాజుని పట్టుకోదట. బ్రష్షులు 75. గ్లూ గన్ 190. గన్‌లో పెట్టే కడ్డీలు 40. పురికొస 45. బిరడాతో కలిపి తీగ లైటు 85. వార్నిష్ 110. మెడ దగ్గర చుట్టడానికి లేసు 30. మొత్తం 825. ఆటో రానూపోనూ 160. వెరసి 985 రూపాయలు, 200 లోపల చేయవలసిన కానుకకి.

సేటు నా మొహం చూశాడు. నన్ను పాతికేళ్లుగా ఎరిగినవాడు. "ఇంత తక్లీఫ్ ఎందుకమ్మా? హ్యాండ్‌మేడ్‌లో రెడీమేడ్ కూడా ఉంది" అన్నాడు.

వెనక గదిలోంచి కుర్రాడు అట్టపెట్టె తెచ్చాడు. అందులో డజను సీసాలు, ఒక్కోటి కాగితం తురుములో పడుకోబెట్టి ఉంది. రంగు, పురికొస, లేసు, లైటు, అన్నీ. ప్రతి సీసా మెడకీ 'మేడ్ విత్ లవ్' అని చీటీ. ఆ చీటీలో కింద పేరు రాసుకోవడానికి చుక్కల గీత కూడా వదిలారు. ఒకటి 180. నేను గీరీ గీరీ వదిలించుకోలేకపోయిన జిగురు దాని మీద చుక్క కూడా లేదు.

"ఎక్కడ చేస్తారు సేటూ?"

"ఢిల్లీ మాల్ అమ్మా."

"ఎవరు చేస్తారు?"

"ఎవరో చేస్తారమ్మా" అని కాలిక్యులేటరు దగ్గరికి జరుపుకున్నాడు.

అది కొందామన్నాను. మా కోడలు ఒప్పుకోలేదు, మోసమట. మరి ఈ 985 మాటేమిటంటే రాత్రి భోజనాల దగ్గర లెక్క సరిచేసింది. తను ఒక కంపెనీ అకౌంట్సులో పని చేస్తుంది, కాస్త తెలిసినది. గ్లూ గన్ క్యాపిటల్ కిందికి వస్తుంది అత్తమ్మా, ఒక్క సీసా మీద వేయకూడదు. రంగుల్లో వాడింది పదో వంతు. వార్నిష్ మిగిలింది. ఆటో ప్రయాణ ఖర్చు, కానుక ఖర్చు కాదు. అన్నీ తీసేస్తే సీసా మీద పడింది 196. నాలుగు రూపాయలు మిగిలాయి కూడా.

రెండు పూతలు, ఆరబెట్టడం, పురికొస చుట్టడం, అది జారితే విప్పి మళ్లీ చుట్టడం, వేలు కాల్చుకోవడం, వార్నిష్. లేబులు గొడవ వదిలేసినా తొమ్మిది గంటలు పట్టింది. చేసింది నేను, ఎందుకంటే మా కోడలికి ఆ వారం ఆఫీసులో క్లోజింగు. "మరి ఈ తొమ్మిది గంటలు ఏ ఖాతాలో రాశావమ్మా?" అని అడిగాను.

"అది మీ ప్రేమ కదా అత్తమ్మా" అంది.

ఆ పిల్ల మంచిదే. ఆ మాట ఆమె సొంతం కాదని నాకు తెలుసు. అందుకే ఇక వ్యంగ్యం పక్కన పెట్టేస్తున్నాను.

చేతి పనికి కూలి ఎగ్గొట్టాలనుకున్న ప్రతివాడి నోట్లోనూ ఉండేది ఈ ఒక్క మాటే. ప్రేమ అనడం మొహమాటమైతే తీరిక అంటారు. నర్సాపురం వెళ్లి చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి జిల్లాలో ఇంటింటికీ పాకింది. ఆ లేసు ఓడలెక్కి యూరప్, అమెరికా పోయింది, అక్కడ బల్లల మీద, దిండ్ల మీద పరుచుకుంది. జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆవిడ వచ్చి ఆ ఆడవాళ్ల మధ్య కూచుని 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం రాసింది. లోకమంతా చదివింది. మనలో ఎంతమంది చదివామో మనకే తెలియాలి. రోజూ ఆరేడు గంటలు అల్లితే చేతికొచ్చేది రూపాయి లోపు. వ్యవసాయ కూలీకి వచ్చేదానికన్నా తక్కువ. ఎందుకంత తక్కువంటే, వాళ్లు పనివాళ్లు కారట. గృహిణులట. వంటా వార్పూ అయ్యాక, ఖాళీగా కూర్చోవడం ఎందుకని, తీరికగా అల్లుకుంటున్నారట. సరుకు దేశాలు దాటి వ్యాపారమైంది, లాభం ఎగుమతి చేసేవాడికి లెక్క ప్రకారం చేరింది, దారం కూడా లెక్క ప్రకారం తూచి ఇచ్చారు. ఒక్క అల్లిన చెయ్యి మాత్రం తీరిక. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. సంతోషం. గుర్తింపు లేసుకి వచ్చింది.

200 లోపల చేత్తో చేయాలి అనే ఈ నియమంలో ఉన్నదీ అదే. జిగురుకి ధర ఉంది. రంగుకి ధర ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన పురికొసకి ధర ఉంది. చేతికి సున్నా వేస్తేనే ఆ 200లో సరిపోతుంది. సున్నా వేసి, పైన 'వెల కట్టలేనిది' అని రాస్తారు. వెల కట్టలేకపోవడమేమిటి? కట్టండి. తెలంగాణలో తాపీమేస్త్రీ రోజుకి ఎంత తీసుకుంటాడో అపార్ట్‌మెంటు సెక్రటరీకి తెలియదా? మొన్న ట్యాంకు పగిలితే ఇచ్చారుగా. ఆ మేస్త్రీని ప్రేమతో పూయమని అడగలేదే?

పోయినేడాది సంగతి చెబుతాను. అప్పుడు ఈ హ్యాండ్‌మేడ్ నియమం లేదు, నా మటుకు నేనే క్రోషియాతో ఒక బల్లగుడ్డ అల్లి ఇచ్చాను. నాలుగు మూలలా అనాస పువ్వు అల్లిక, అంచుకి తెల్ల పూసలు. పదకొండు రోజులు, రోజుకి మూడు గంటలు, కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయిన ఏడాదికి. అందుకున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఆన్‌లైన్లో నూట యాభైకి ఆరు వస్తున్నాయి ఆంటీ, మీరు అనవసరంగా కష్టపడ్డారు" అంది. జాలిపడే అంది పాపం. నిజంగానే వస్తున్నాయి, మిషను మీద చేసినవి. ఆ అమ్మాయే ఈసారి 'సూపర్ ఐడియా' అన్న పదహారు మందిలో మొదటిది. చేత్తో చేసినది వీళ్లకి కనబడదు. చేత్తో చేసినట్టు కనబడాలి, అంతే. అంచు కాస్త వంకరపోవాలి, జిగురు కాస్త బయటికి కారాలి, పురికొస వేలాడాలి. పని వచ్చిన చెయ్యి చేసినది మిషను చేసినట్టే ఉంటుంది, అది దాని ఖర్మ.

ఇంకో మాట. చీటీల్లో ముప్పై రెండు పేర్లుంటే పద్నాలుగు మగవాళ్లవి. ఆ పద్నాలుగు కానుకలూ ఎవరు చేస్తున్నారో నన్ను అడక్కండి, లిఫ్టులో రంగు అంటిన గోళ్లు చూస్తే తెలిసిపోతుంది.

మా పనామె కొడుకు చదివే ప్రైవేటు బడిలోనూ ఇదే పండగ. తల్లిదండ్రులు ఇంట్లో దొరికే వస్తువులతో పిల్లాడి చేత కానుక చేయించి పంపాలట. ఆమె నాలుగిళ్లలో అంట్లు తోమి, బడి ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపులో థర్మకోల్ శాంటాని కొని పంపింది. షాపువాడు అవి తయారుచేసి పెట్టుకునే ఉన్నాడు. ఆమె ఇంట్లో దొరికే వస్తువులేమిటో ఆ బడివాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావాల్సింది.

డబ్బులు తక్కువున్న ఇళ్లలో కానుకలు ఎలా నడిచాయో నాకు తెలుసు. మా నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. 1893లో నిజాం రైల్వే కట్టిన వర్క్‌షాపు అది, సగం ఊరికి అదే అన్నం పెట్టింది. మా క్వార్టర్స్ పక్కనే ఆంగ్లో ఇండియన్ ఆంటీ. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం ఒక ఇత్తడి పళ్లెం వచ్చేది, మీద క్రోషియా గుడ్డ, ఎగిరిపోకుండా అంచుకి నీలం పూసలు. కింద కుల్‌కుల్‌లు, గులాబీ పువ్వులు. కుల్‌కుల్‌ని మా అమ్మ కొరికి చూసి "ఇవి మన గవ్వలేనే, దొరసాని పేరు పెట్టుకున్నాయి" అనేది. ఆంటీ ఫోర్కు వీపు మీద వత్తేది, అమ్మ కొత్త దువ్వెన మీద వత్తేది, తేడా అంతే. పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదు కనక సంక్రాంతి దాకా అమ్మ బీరువా మీదే ఉండి, అరిసెలతో వెళ్లేది. ఎవరూ దానికి చీటీ కట్టలేదు. డాల్డాలో వేయించిన ఏడు నేతిలో వేయించామని చెప్పలేదు.

అదే ఆంటీ ప్లమ్ కేకు మాత్రం పౌనుకి ఇంత అని డబ్బు తీసుకుని చేసేది. ఒక ఏడు మా అమ్మ, పక్కింటి చనువు కొద్దీ, ఒక ముక్క పళ్లెంలో పెట్టి పంపరాదా అని నవ్వుతూ అడిగితే, ఆంటీ కూడా నవ్వుతూనే "నో మై డియర్, కుల్‌కుల్ ఈజ్ క్రిస్మస్, కేక్ ఈజ్ బిజినెస్" అంది. ఇంటికొచ్చి మా అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది. మూడో రోజు అర పౌను కేకు ఆర్డరిచ్చింది.

ఇక నా చీటీ సంగతి. నాకు వచ్చిన పేరు సాక్షాత్తూ సెక్రటరీ గారిది.

సీసా మా కోడలు తీసేసుకుంది. నా చేతిలో 200 రూపాయల హద్దు, కాలిన వేలు. క్లాక్ టవర్ దగ్గర పేవ్‌మెంటు మీద డిసెంబరు రాగానే ఒక మేదరి కుటుంబం దిగుతుంది. మిగతా ఏడాదంతా బుట్టలు, చేటలు. ఈ నెల నక్షత్రాలు. అక్కడ కాసేపు నిలబడ్డాను. ఆయన వెదురు బొంగుని కాలి బొటనవేళ్ల మధ్య ఇరికించి, కత్తిని ఒక్కసారి గుచ్చి లాగితే బద్ద చివరి దాకా ఒకే మందాన చీలి వచ్చింది. కొలబద్ద లేదు. అలాంటి బద్దలు పది, రెండు చుక్కలుగా కట్టి, నడుమ నాలుగు వేళ్లంత పుల్లలు పోటు పెట్టి, దారంతో మెలేశాడు. ఆయన భార్య మైదా జిగురు చూపుడు వేలితో అంచు వెంట గీసి, ఎర్ర కాగితం పరిచి, అరచేత్తో ఒక్క రాపు రాసింది. ముడత లేదు. 28 ఏళ్లు పిల్లలకి ముడత లేకుండా కాగితం అతికించడం నేర్పలేకపోయిన నేను ఆ అరచెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాను. ఒకటి 150 అన్నారు. నా పక్కనున్నాయన కారు దిగి వచ్చి 80కి అడుగుతున్నాడు. కాగితమే కదా అంటున్నాడు.

నేను 150 ఇచ్చి తెచ్చుకున్నాను. లోపల బల్బు పెట్టడానికి హోల్డరు 35. ఖర్చు 185. నియమం ప్రకారమే.

ఆదివారం సాయంత్రం టెర్రస్ మీద కానుకలు విప్పారు. ముప్పై రెండింటిలో సీసాలు పదకొండు. మా కోడలికి వచ్చిన కానుక కూడా సీసాయే. సుబేదారు గారు వరసగా ఒక్కోటీ ఎత్తి, అడుగున అచ్చేసి ఉన్న అక్షరాలు చూసి, "ఇదీ నాదే" అంటూ ముందుకెళ్లారు. సెక్రటరీ గారు నక్షత్రాన్ని చూసి చాలా మురిసిపోయారు. తీగకి కట్టి వెలిగించారు. "మీరే చేశారా టీచర్ గారూ?" అని అడిగారు.

"చేత్తో చేసిందే" అన్నాను.

తెల్లారేసరికి గ్రూపులో మెసేజ్. వచ్చే ఆదివారం నాలుగు గంటలకి టెర్రస్ మీద టీచర్ గారి నక్షత్రాల వర్క్‌షాపు, ఉచితం, పిల్లల్ని తీసుకురండి. సాయంత్రానికి పంతొమ్మిది పేర్లు నమోదయ్యాయి. నేను క్లాక్ టవర్ దగ్గరికి వెళ్లి ఆ దంపతుల్ని కనుక్కున్నాను. వస్తామన్నారు. వెదురు వాళ్లే తెస్తారు. ఇద్దరికీ కలిపి మూడు గంటలకి పన్నెండు వందలు, ఆటో వేరే.

అదే మాట గ్రూపులో పెట్టాను. నక్షత్రం చేసింది వాళ్లని, మనిషికి 65 చొప్పున ఇస్తే కూలి వచ్చేస్తుందని, మిగిలింది ఆటోకి నేను కలుపుతానని. పెట్టి మూడు రోజులైంది. ముప్పై రెండు మందీ చదివినట్టు నీలం టిక్కులైతే పడ్డాయి.